చూరు గట్టర్ మరమ్మతు: గోడ మీది పెన్సిల్ గీతల నుంచి మొదలుపెట్టి

మొదటి రోజు

పడకగది కిటికీకి కుడివైపు, పైకప్పుకు జానెడు కింద ఒక చెమ్మ మరక ఉంది. రెండేళ్లుగా దానితోనే మా పోరు. గోడలో సన్న పగులుందనుకుని మొదటిసారి పుట్టీ పెట్టి రంగు వేశాం. వానలు పడగానే రంగు పొక్కులా ఉబ్బి రాలిపోయింది. రెండోసారి చెమ్మను ఆపుతుందన్న ప్రైమర్ వేసి, దాని మీద రంగు వేశాం. ఈసారి పొక్కు పక్కకు జరిగి మళ్లీ లేచింది. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా గోడకు పూతలు వేయడం ఇంతటితో ఆపాలనుకున్నాను. ఈ డైరీ అందుకే మొదలుపెడుతున్నాను.

ఈరోజు చేసిన పనులు రెండే. ఒకటి, మరక అంచు వెంబడి పెన్సిల్‌తో సన్నటి గీత గీసి పక్కన తేదీ వేశాను. మరక పెరుగుతోందా ఆగిందా అన్నది ఊరికే చూసి చెప్పలేం. ఒకరోజు పెరిగిందనిపిస్తుంది, మర్నాడు లేదనిపిస్తుంది. గీత ఉంటే ఆ అనుమానం ఉండదు. రెండు, మరక మీద అరమీటరు చదరపు పాలిథీన్ ముక్క పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాను. పాలిథీన్‌కు గోడవైపు చెమ్మ పడితే నీరు గోడలోంచే వస్తున్నట్టు. గదివైపు పడితే గదిలోని తేమే చల్లటి గోడ దగ్గర నీరుగా మారుతున్నట్టు.

మూడో రోజు

పాలిథీన్ గోడవైపే చెమర్చింది. లోపలి ముఖమంతా సన్నటి బిందువులు. గదివైపు ముఖం పొడిగా ఉంది. ఇక గదిలో వెతకాల్సిన పని లేదు.

బయటికి వెళ్లి వెనక గోడ వెంబడి నెమ్మదిగా నడిచాను. పెంకుల కప్పు కింద, వెనకవైపు చూరు పొడవునా 12 మీటర్ల గట్టర్, అంటే కప్పు మీది వాన నీటిని పట్టి పైపులోకి పంపే కాలువ ఉంది. జింక్ పూత ఉన్న జీఐ రేకుతో చేసిన 150 మిల్లీమీటర్ల వెడల్పు అరగుండ్రటి గట్టర్. ఎడమ నుంచి కుడికి పారి, కుడి చివర ఒకే ఒక్క నిలువు పైపులోకి దిగుతుంది.

పైకి చూసే ముందు కింద నేల చూడాలని ఈరోజు తెలిసింది. చూరు కింద మట్టిలో ఒకచోట రెండు వేళ్ల లోతు గుంట పడి ఉంది. టేపు పెట్టి కొలిస్తే ఎడమ చివర నుంచి సరిగ్గా 6 మీటర్లు. ఒక్కచోటే లోతుగా గుంట ఉంటే దాని పైన ఏదో అతుకు కారుతున్నట్టు. దానికి ఎడమగా ఒకటిన్నర మీటరు మేర చిన్న చిన్న గుంటలు వరసగా ఉన్నాయి. అలా వరస కడితే నీరు గట్టర్ అంచు మీదుగా పొర్లుతున్నట్టు. గోడ అడుగున మోకాలెత్తు వరకు మట్టి చిందిన మచ్చలు. ఇక పైకి చూస్తే, గుంటకు సరిగ్గా పైన గట్టర్ అడుగున గోధుమరంగు తుప్పు చార ఉంది. గట్టర్‌ను పట్టి ఉంచే చూరు పలక మీద రంగు పెచ్చులుగా లేచింది. గోడ మీద తెల్లటి ఉప్పు పూత తేలింది. నీరు ఇటుకలోని లవణాలను కరిగించుకుని బయటికొచ్చి ఆరిపోతే మిగిలేది ఆ తెలుపే. గట్టర్ మధ్యలో ఒక గడ్డి మొక్క తల ఎత్తి చూస్తోంది. గడ్డి మొలిచిందంటే లోపల వేరు పట్టేంత మట్టి పేరుకుందన్నమాట.

ఇవన్నీ రెండేళ్లుగా అక్కడే ఉండి ఉంటాయి. ఆ గోడ పక్కనుంచి రోజూ నడుస్తూనే ఉన్నాను. గదిలోని మరకే చూస్తూ ఉండిపోయాను.

ఐదో రోజు

సాయంత్రం వాన పడింది. గొడుగు, టార్చి పట్టుకుని వెనక్కి పరుగెత్తాను.

మొదటి ఐదు నిమిషాలు ఏమీ లేదు. గట్టర్ బాగానే ఉన్నట్టు కనిపించింది. ఆ తర్వాత 6 మీటర్ల దగ్గర అతుకు నుంచి చుక్కలు, కాసేపటికి సన్నటి ధార. పది నిమిషాలకు మధ్యలో ముందు అంచు మీదుగా నీరు తెరలా పొర్లడం మొదలైంది. అదే సమయంలో కుడి చివర నిలువు పైపు అడుగున చూస్తే చిటికెన వేలంత నీరు వస్తోంది. పైన పొర్లుతుంటే కింద అంత సన్నగా వస్తోందంటే పైపులో అడ్డం ఉన్నట్టే.

అసలు సంగతి టార్చి వెలుగులో బయటపడింది. గోడకు ఆనుకుని నిలబడి కింది నుంచి పైకి వెలుగు వేస్తే, గట్టర్ వెనకాల, గట్టర్‌కూ చూరు పలకకూ మధ్య సందులో నీరు మెరుస్తూ దిగుతోంది. ముందు పొర్లే నీరు నేల మీద పడుతుంది, కంటికి కనిపిస్తుంది. వెనక దిగే నీరు ఎవరికీ కనిపించదు, గోడలోకే పోతుంది. అది పలక అడుగు అంచు పట్టుకుని కొంత దూరం పక్కకు పాకి, చూరు కింది పలక సందులోంచి గోడలోకి దిగుతోంది. అందుకే గదిలో మరక ఒకచోట, బయట కారే చోటు దానికి ఒకటిన్నర మీటరు ఎడమగా ఉన్నాయి. మరకకు ఎదురుగా గోడ బయటి ముఖాన ఎంత వెతికినా పగులు దొరకకపోవడానికి కారణం ఇదే.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. ఈ గట్టర్‌లోకి దిగే కప్పు పైనుంచి చూస్తే 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే 60 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల జడివానైతే గంటకు 3,000 లీటర్లు, నిమిషానికి 50. అదంతా ఒక్క పైపులోంచే దిగాలి. ఆ పైపే పూడుకుపోతే గోడ ఏం కావాలి?

ఎనిమిదో రోజు

మూడు రోజులు ఎండ కాసింది. తమ్ముణ్ణి పిలిచాను. ఒంటరిగా నిచ్చెన ఎక్కకూడదన్నది నేను పెట్టుకున్న మొదటి నియమం. నిచ్చెన ఎంత ఎత్తున ఆనుతుందో అందులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్లు ఉండాలి. 4 మీటర్ల ఎత్తుకు 1 మీటరు. నిచ్చెనను గట్టర్‌కు ఆనించకూడదు, రేకు నొక్కుకుపోతుంది, నిచ్చెన పక్కకు జారుతుంది. గోడకు ఆనేలా పైన అడ్డకర్ర కట్టాం. దగ్గరలో కరెంటు తీగలు లేవని ముందే చూసుకున్నాం. చేయి చాచి దూరం అందుకోవడం కన్నా దిగి నిచ్చెన జరుపుకోవడమే మేలు. ఈరోజు పదిహేనుసార్లకు పైగా దిగి ఎక్కాను.

ముందుగా నిలువు పైపు మూతికి పాత గుడ్డ ముద్దగా కుక్కాను, తీసే బురద అందులోకి పోకుండా. ఇనుప తాపీతో గీకితే జింక్ పూత లేచిపోతుంది, అక్కడే తుప్పు పడుతుంది. పాత ప్లాస్టిక్ క్యాన్‌ను ఏటవాలుగా కోసి చేటలా చేసుకున్నాను. గట్టర్ వంపుకు అది చక్కగా ఒదిగింది.

లోపల మూడు పొరలు. పైన ఎండుటాకులు, చేత్తో ఎత్తితే చాపలా లేచాయి. వాటి కింద నల్లటి మెత్తటి బురద, కుళ్లిన ఆకు వాసన. అన్నిటికన్నా కింద పెంకుల నుంచి రాలిన ఎర్రటి ఇసుక, రేకుకు సిమెంటులా అంటుకుని ఉంది. బురదే ఎక్కువ కీడు చేస్తుందనుకున్నాను. కానీ బరువుకూ తుప్పుకూ అసలు కారణం ఆ ఇసుక పొర. అది తడిని పట్టి ఉంచుతుంది. వాన వెలిసిన మూడో రోజు కూడా దాని అడుగు తడిగానే ఉంది. గడ్డి మొక్కను పీకితే దాని వేళ్లు జేనెడు పొడవున అతుకు సందులోకి దూరి ఉన్నాయి. మొత్తం నాలుగు బకెట్లు తీశాం.

ఇక పైపు. కర్రతో పైనుంచి కిందికి తడుతూ వచ్చాను. ఖాళీగా ఉన్నచోట గణగణమంది, గోడవైపు వంగే ఎల్బో దగ్గర మాత్రం మొద్దుగా మోగింది. పైనుంచి పొడిస్తే అడ్డం ఇంకా బిగుసుకుంటుంది. అందుకని కింది చివర నుంచి హోస్ పైపు దూర్చి నీళ్లు పెట్టాం. కదల్లేదు. చివరికి ఎల్బో విప్పాం. లోపల పిడికిలంత సిమెంటు గడ్డ, దాని చుట్టూ ఆకులు గూడులా అల్లుకుని ఉన్నాయి. కప్పు శిఖరం మీది పెంకులు మళ్లీ పరిచినప్పుడు రాలిన సిమెంటు అయ్యుంటుంది. నీరు పోనివ్వడానికి దానికి ఒక పక్కన వేలు దూరేంత సందు మాత్రమే ఉంది.

"అక్కా, ఇంత రాయి కోసమా రెండుసార్లు రంగు వేశాం?" అన్నాడు తమ్ముడు. రాయి ఒక్కటే అయితే ఎంత బాగుండేది. గట్టర్ శుభ్రమయ్యాక మధ్యలో సన్నటి నీటి మడుగు మిగిలే ఉంది. పైపు తెరుచుకున్నా ఆ నీరు కదల్లేదు.

తొమ్మిదో రోజు

వాలు కొలిచే రోజు. చిన్న రసమట్టం గట్టర్ మీద పెడితే ఆ మూరెడు మేరే తెలుస్తుంది, 12 మీటర్ల సంగతి తెలియదు. అందుకని పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, తాపీ పనివాళ్లు వాడే పద్ధతిలో రెండు చివర్లా నీటిమట్టం చూసి గుర్తులు పెట్టాం. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. అది తెలియక మొదటి కొలత పాడైంది, బుడగలన్నీ తోలేసి మళ్లీ మొదలుపెట్టాం. ఆ గుర్తుల మధ్య బిగుతుగా దారం కట్టి, దారం నుంచి గట్టర్ అంచు ఎంత కిందికి ఉందో అడుగడుగునా కొలిచాం.

మీటరుకు 2 మిల్లీమీటర్ల వాలు సరిపోతుంది. 12 మీటర్లకు 24 మిల్లీమీటర్లు. కుడి చివర నిజంగానే 24 ఉంది, అంటే మొదట బిగించినవాళ్లు సరిగానే బిగించారు. 5 మీటర్ల దగ్గర 10 ఉండాలి. అక్కడ 31 ఉంది. అంటే నీరు దిగాల్సిన చివరకన్నా మధ్య భాగమే 7 మిల్లీమీటర్లు కిందికి జారింది. ఎంత కడిగినా అక్కడ నీరు నిలవక తప్పదు. ఆ మడుగులో దోమ పిల్లలు కూడా కదులుతున్నాయి. వెచ్చటి వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే వరకు వారం, పది రోజులు చాలు.

ఎందుకు జారింది? బ్రాకెట్లు 120 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మొత్తం 11 ఉన్నాయి. ఈ అరగుండ్రటి గట్టర్ నిండితే మీటరుకు దాదాపు 9 లీటర్ల నీరు పడుతుంది. పొడవంతా కలిపితే 100 కిలోలు దాటుతుంది, దానికి తడి ఇసుక బరువు అదనం. మధ్యలో రెండు బ్రాకెట్ల స్క్రూలు వేలితో లాగితేనే బయటికొచ్చాయి. ఆ రంధ్రాల పక్కన స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను. మంచి చెక్కైతే మొన ఆగుతుంది. ఇక్కడ అంగుళం లోపలికి దిగిపోయింది. తీసి చూస్తే మొనకు తడి పొట్టు అంటుకుంది. రంగు కింద నుంచి చూరు పలక దాదాపు రెండు మీటర్ల మేర పుచ్చిపోయింది.

ఆ రాత్రి టెన్షన్‌తో సరిగా నిద్ర పట్టలేదు. పలక వెనక కప్పు వాసాల చివరలు కూడా పోయాయేమోనని భయం.

పన్నెండో రోజు

వాసాలు బాగున్నాయి. పలక తీశాక ఒక్కొక్క వాసం చివరా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, ఎక్కడా దిగలేదు. ఒకదాని మీద మాత్రం తడి మచ్చ ఉంది. ఇంకో రెండు వానాకాలాలు వదిలేసి ఉంటే కప్పు అంచే మార్చాల్సి వచ్చేది.

పుచ్చిన భాగాన్ని మంచి చెక్క తగిలే వరకు కోసేసి, చెదలు, పుచ్చు పట్టకుండా మందు పట్టించిన కొత్త పలక వేశాం. బిగించే ముందే వెనక ముఖానికీ, కోసిన చివరలకూ ప్రైమర్ పట్టించాను. నీరు చెక్కలోకి ఎక్కువగా దిగేది ఆ కోసిన చివరల నుంచే. బిగించాక బ్రష్ అక్కడికి చేరదు.

పధ్నాలుగో రోజు నుంచి పదిహేడో రోజు వరకు

బ్రాకెట్లు 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 21 పెట్టాం. ముందు రెండు చివరల బ్రాకెట్లు బిగించి, వాటి మధ్య దారం లాగి, మిగతావన్నీ ఆ దారానికి తగిలేలా పెట్టుకుంటూ వచ్చాం. ఇలా చేస్తే ప్రతిచోటా కొలవక్కర్లేదు. ఒక్కో బ్రాకెట్ మీద పడే బరువు ఇదివరకటిలో సగం.

6 మీటర్ల దగ్గర అతుకు విప్పినప్పుడు అక్కడ ఎందుకు కారేదో అర్థమైంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేచోట, పైనుంచి వచ్చే రేకు లోపలికి, కిందివైపు రేకు దాని అడుగున ఉండాలి. అప్పుడు నీరు అతుకు మీదుగా జారిపోతుంది. ఇక్కడ తిరగేసి ఉంది. పారే నీటికి ఆ సందు నోరు తెరుచుకుని ఎదురుగా ఉంది. ఇన్నాళ్లూ కాపాడింది పూసిన సీలెంట్ (సందులోంచి నీరు పోకుండా మూసే జిగురు) ఒక్కటే, అది ఎండి చిట్లగానే కారడం మొదలైంది. మిగతా రెండు అతుకులూ సరిగానే ఉన్నాయి. దీన్ని మార్చి రివెట్లు కొట్టాం.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. ఇంట్లో ఉన్న మామూలు సిలికాన్ ట్యూబు తీసి లోపలి నుంచి అతుకంతా పూశాను. పూస్తున్నప్పుడు ఘాటైన వెనిగర్ వాసన వచ్చింది. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం జింక్ పూతను తినేస్తుంది. అది తెలిసి మర్నాడే గీకేశాను. రేకు పూర్తిగా ఆరకముందే పూయడంతో అంచు గోటితో లాగగానే పట్టీలా లేచి వచ్చింది. దాని కింద రేకు మెరుపు తగ్గి బూడిదరంగుగా మారింది. పదహారో రోజు ఆ చోటును స్పిరిట్ గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఎండలో ఆరనిచ్చి, లోహానికి పనికొచ్చే, వాసన లేని న్యూట్రల్ రకం సీలెంట్ వేశాను. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వలేదు.

రేకు బదులు పీవీసీ గట్టర్ పెట్టుకుందామా అని తమ్ముడు అడిగాడు. తుప్పు బాధ ఉండదు, నిజమే. కానీ ఎండకు సాగే తీరు వేరు. ఎండా చల్లదనాల మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే 12 మీటర్ల ఇనుప రేకు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. పీవీసీ 20 దాటుతుంది. అతుకుల్లో ఆ సాగుడుకు చోటు వదలకపోతే అవే ఊడతాయి. ఉన్న రేకుకు ఇంకా చాలా ఆయుష్షు ఉంది కాబట్టి అదే ఉంచాం. దాని ఎడమ చివర మాత్రం గోడకు గట్టిగా ఆని ఉంది. సాగడానికి చోటుండాలని సెంటీమీటరు ఖాళీ వదిలాం.

చివరగా వెనక దిగే నీరు. పెంకుల చివరి వరస గట్టర్‌లోకి రెండు సెంటీమీటర్లు కూడా రావడం లేదు. నెమ్మదిగా పడే వానలో నీరు పెంకు అంచు నుంచి గట్టర్‌లో పడకుండా, అంచు కిందికి తిరిగి వెనక్కి పాకుతోంది. గిన్నె నుంచి నీళ్లు మెల్లగా వంచితే గిన్నె అడుగు పట్టుకుని కారినట్టే. చివరి వరస పెంకులు ఎత్తి, వాటి కింద నుంచి గట్టర్‌లోకి దిగేలా వంచిన రేకు పట్టీ పొడవునా పెట్టాం. ఇప్పుడు నీరు వెనక్కి తిరిగినా ఆ పట్టీ మీద పడి గట్టర్‌లోకే రావాలి. ఈ మొత్తం పనిలో గోడను కాపాడేది అన్నిటికన్నా ఈ పట్టీయే అని నా నమ్మకం.

పద్దెనిమిదో రోజు

పరీక్ష. అతుకుల అడుగున సుద్దముక్క దట్టంగా రుద్దాను. ఒక్క చుక్క చెమర్చినా తెల్లటి సుద్ద మీద నల్లగా కనిపిస్తుంది. ఎడమ చివర హోస్ పైపు పెట్టి పావుగంట నీళ్లు వదిలాం. మూడు అతుకులూ తెల్లగానే ఉన్నాయి. హోస్ ఆపాక గట్టర్‌లో చెంచాడు నీరు కూడా నిలవలేదు. తర్వాత పెంకుల మీద బకెట్‌తో మెల్లగా పోస్తూ వెనక సందులోకి టార్చి వేసి చూశాం. పొడిగా ఉంది.

పైపు మూతిలో తీగతో అల్లిన గుండ్రటి జాలీ పెట్టాను. గట్టర్ పొడవునా పరిచే జాలీ వద్దనుకున్నాను. ఆకుల్ని అది ఆపుతుంది కానీ పెంకుల ఇసుక అందులోంచి దిగి పేరుకుంటూనే ఉంటుంది, పైనుంచి చూస్తే మాత్రం కనిపించదు.

పైపు కింద నీరు ఇంతకాలం పునాది పక్కనే పడేది. రెండు మీటర్ల పైపు అదనంగా కలిపి దూరంగా వదిలాం. గోడ వెంబడి మట్టి పోసి, గోడ నుంచి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు దిగేలా వాలు చేశాం. మట్టి పని ఒకటిన్నర రోజు పట్టింది.

ఇరవై నాలుగో రోజు

వాన. మళ్లీ గొడుగు, టార్చి. నిలువు పైపు అడుగు నుంచి నీరు నిండు ధారగా వచ్చింది. ఆ చప్పుడు గదిలోకి కూడా వినిపించింది. వెనక సందు పొడిగా ఉంది.

ఒక్కటి మిగిలింది. వాన బాగా ముదిరిన కాసేపు కుడి చివర, పైపు మూతి దగ్గర గట్టర్ అంచుదాకా నిండింది. పొర్లలేదు, కానీ వేలెడు ఖాళీయే ఉంది. మాది 75 మిల్లీమీటర్ల పైపు. 110 మిల్లీమీటర్లది పెడితే వ్యాసం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు, లోపలి వైశాల్యం మాత్రం రెండింతలు దాటుతుంది. ఇంతకన్నా పెద్ద వాన వచ్చేలోగా పైపు, దాని మూతి మార్చాలని రాసిపెట్టుకున్నాను.

నలభై ఆరో రోజు

గోడ మీద మూడు పెన్సిల్ గీతలున్నాయి. మొదటిది మొదలుపెట్టిన రోజుది. రెండోది దానికి వేలెడు బయట, ఐదో రోజు వాన తర్వాతది. మూడోది ఇరవై నాలుగో రోజుది, అది రెండోదాని మీదే పడింది. ఆ తర్వాత నాలుగుసార్లు వాన పడింది, కొత్త గీత గీయాల్సిన పని రాలేదు. మరక మధ్యలో మాత్రం ఇంకా ముదురుగా ఉంది. గోడ లోపల చేరిన నీరు ఆరడానికి వారాలు పడుతుంది. పాలిథీన్ ముక్క మళ్లీ అంటించాను, గోడవైపు ఇంకా సన్నగా చెమరుస్తోంది. అది పూర్తిగా పొడిబారే వరకు రంగు డబ్బా తెరవను.

నిన్న ఇంటి ముందువైపు చూరు కింద నేల చూశాను. గుమ్మానికి ఎడమగా మట్టిలో ఒక్కచోట వేలు దిగేంత గుంట ఉంది. దాని పైన గట్టర్ అతుకు. తుప్పు చార ఇంకా పడలేదు. నీటి గొట్టం, దారం తీసి బయట పెట్టాను. తమ్ముడు ఆదివారం వస్తానన్నాడు.